మైక్రోవేవ్‌కి చోటెక్కడ? కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఒక వంటగది మార్పు: కేస్ స్టడీ

వంటగది పనుల్లో మైక్రోవేవ్ సంగతి అందరికీ ఆఖర్న గుర్తొస్తుంది. గ్రానైట్ రంగు, షట్టర్ల లామినేట్, చిమ్నీ మోడల్ అన్నీ తేలాక ఎవరో ఒకరు "ఇంతకీ మైక్రోవేవ్ ఎక్కడ పెడదాం?" అంటారు. అప్పటికే గోడల్లో పైపులు దిగి, టైల్స్ పడిపోయి ఉంటే ఇక ఆలోచించడానికేమీ ఉండదు, ఖాళీ ఉన్నచోట పెట్టేయడమే. ఈ కేసులో పాత గట్టు పగలగొట్టకముందే ఆ సంగతి తేల్చాం. ఏ చోటు ఎందుకు వద్దనుకున్నాం, ఎంచుకున్న చోటుకి కొలతలు ఎలా కట్టాం, పని మధ్యలో ఏవి అడ్డొచ్చాయి అన్నది ఇక్కడ ఉంది.

ఇల్లు, మనుషులు, పాత ఏర్పాటు

కూకట్‌పల్లి వైపు పదిహేనేళ్లు దాటిన అపార్ట్‌మెంట్, మూడు పడకగదుల ఫ్లాట్. వంటగది 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల 6 అంగుళాల పొడవు. దక్షిణం గోడలో డైనింగ్ నుంచి వచ్చే గుమ్మం, ఉత్తరం గోడలో యుటిలిటీకి తలుపు. తూర్పు గోడ పొడవునా 24 అంగుళాల లోతు గట్టు, దాని ఆగ్నేయం చివర స్టవ్, ఈశాన్యం చివర సింకు. పడమటి గోడకి ఫ్రిజ్, దాని పక్కన పాత చెక్క ర్యాకు. అవి 4 అంగుళాల ఇటుక గోడలు. గోడ రకం ముందే తెలుసుకోవడం ఎంత అవసరమో తర్వాత చెబుతాను.

ఇంట్లో ఐదుగురు. మైక్రోవేవ్ ఎక్కువగా వాడేది అత్తగారు, ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. కొడుకు 5 అడుగుల 10. మూడో తరగతి చదివే పాప కూడా పాలు తనే వేడి చేసుకుంటుంది. ఉన్నది 28 లీటర్ల కన్వెక్షన్ మైక్రోవేవ్, అంటే వేడి గాలితో కేకులు బేక్ చేసే రకం. హ్యాండిల్‌తో కలిపి వెడల్పు 51, ఎత్తు 31, లోతు 49 సెంటీమీటర్లు, బరువు 18 కిలోలు. వెనక లేబుల్ మీద గరిష్ఠ విద్యుత్తు 2,900 వాట్లు అని ఉంది. అది మంచి కండిషన్‌లో ఉంది కాబట్టి మార్చే ఉద్దేశం వాళ్లకి లేదు.

ఇన్నాళ్లూ దాన్ని డబుల్ డోర్ ఫ్రిజ్ మీద పెట్టారు. తెలుగిళ్లలో ఇది చాలా మామూలు దృశ్యం. ఆ ఫ్రిజ్ ఎత్తు 168 సెంటీమీటర్లు. అంటే లోపలి గాజు పళ్లెం 172 దగ్గర ఉంటుంది. అత్తగారి నెత్తి కన్నా జానెడు పైన! ఆమె చిన్న స్టూల్ ఎక్కి, సాంబారు గిన్నెని రెండు చేతులా పట్టుకుని దించేవారు. గిన్నె ఒరిగితే సాంబారు పడేది చేతుల మీద కాదు, ముఖం మీద. దీనికి తోడు కరెంటు గొడవ. ఫ్రిజ్, మైక్రోవేవ్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉన్నాయి, ఆ బాక్సు 6 ఆంపియర్ల సాకెట్‌లో ఉంది. 6 ఆంపియర్లంటే 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు. కూర వేడి చేసేటప్పుడు మైక్రో మోడ్ 1,400 వాట్లు లాగితే ఎలాగో నెట్టుకొస్తుంది, గ్రిల్‌తో కలిపి నడిపితే 12 ఆంపియర్లు దాటుతుంది. ఆ బాక్సు ప్లాస్టిక్ ఓ మూల గోధుమరంగుకి తిరిగి, పిన్ను పక్కన మెత్తబడి ఉంది. పాత ఇళ్లలో ఎక్స్‌టెన్షన్ బాక్సుని ఒకసారి తిప్పి చూడండి, ఈ మచ్చ చాలాచోట్ల కనిపిస్తుంది.

ముందు అడగాల్సింది: దీంతో చేసేదేమిటి?

చోటు గురించి మాట్లాడే ముందు ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించాం. మైక్రోవేవ్ వాడినప్పుడల్లా ఏం చేశారో ఎవరికి వాళ్లు ఒక గీత గీయాలి: వేడి చేయడం, వండటం, బేకింగ్, పాప్‌కార్న్. వారం తిరిగేసరికి గీతలన్నీ దాదాపు ఒకే గడిలో పడ్డాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కూర, పప్పు, అన్నం, పాలు వేడి చేయడం. కన్వెక్షన్ మోడ్‌లో కేకు ఎప్పుడో పండక్కి, పుట్టినరోజుకి.

ఇది తేలగానే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఇలాంటి ఇంట్లో మైక్రోవేవ్ వంట సామాను కాదు, ఫ్రిజ్‌కీ భోజనాల బల్లకీ మధ్య ఒక మజిలీ. గిన్నె ఫ్రిజ్‌లోంచి బయటికొస్తుంది, మూత తీస్తారు, వేడి చేస్తారు, కలుపుతారు, బల్ల మీదికి పోతుంది. ఈ దారి వండేవాళ్ల దారికి అడ్డం రాకూడదు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా స్టవ్ దగ్గర ఒకరు దోసెలు పోస్తుంటే, వాళ్ల మోచేతి కిందుగా ఇంకొకరు పాల గ్లాసు కోసం దూరాల్సి వస్తే ఆ చోటు తప్పు. గీతలు వండటం వైపు పడి ఉంటే, కూరగాయలు ఉడికించడం, అన్నం వండటం లాంటివి ఎక్కువైతే, మా జవాబు వేరేగా ఉండేది: సింకుకి, కూరగాయలు తరిగే చోటుకి దగ్గరగా.

వద్దనుకున్న చోట్లు

తూర్పు గట్టు మీద, స్టవ్‌కీ సింకుకీ మధ్య. ఖర్చు లేని మార్గం, అందుకే చాలామంది ఇదే చేస్తారు. ఈ గట్టులో పనికొచ్చే ఖాళీ అంతా ఆ మధ్య భాగమే. 51 సెంటీమీటర్ల పెట్టెకి రెండు పక్కలా గాలి ఖాళీ కలిపితే 28 అంగుళాల గట్టు పోతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది తాలింపు. నూనె ఆవిరి గాలి రంధ్రాల్లోకి పోయి లోపలి ఫ్యాను మీద జిగురులా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము పడుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది, మ్యాగ్నెట్రాన్ (తరంగాలు పుట్టించే భాగం) వేడెక్కి, మిషన్‌ని ఆపేసే థర్మల్ కటాఫ్ పడుతుంది. "మధ్యలో ఆగిపోతోంది" అని సర్వీసుకి వచ్చే వాటిలో ఇదొక కారణం. చిమ్నీ ఉన్నా స్టవ్ పక్కన రెండు మూడు అడుగుల దాకా ఈ జిడ్డు తప్పదు.

గోడ కప్‌బోర్డులో, గట్టు పైన. డ్రాయింగులో చాలా బాగుంటుంది. మన గోడ కప్‌బోర్డుల లోతు 12 నుంచి 14 అంగుళాలు, ఈ మైక్రోవేవ్ లోతు 19 అంగుళాల పైన. గోడకి ఆనించినా 5 అంగుళాలకు పైగా బయటికి పొడుచుకొస్తుంది, గట్టు మీద పని చేసేవాళ్ల నుదుటికి తగులుతుంది. పైగా గట్టు 34 అంగుళాలు, దాని పైన మామూలుగా వదిలే ఖాళీ 20 అంగుళాలు. అంటే మైక్రోవేవ్ అడుగు నేల నుంచి 54 అంగుళాల దగ్గర మొదలవుతుంది. అమెరికాలో నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో 54 అంగుళాలు దాటకూడని గరిష్ఠ ఎత్తు. 4 అడుగుల 10 అంగుళాల మనిషికి అంత ఎత్తు అసలు పనికిరాదు. ఐదు లేదా ఐదున్నర అడుగుల మనుషులు, 20 లీటర్ల చిన్న సోలో (గ్రిల్, కన్వెక్షన్ లేని) మైక్రోవేవ్ అయితే ఇదే చోటుని 16 అంగుళాల లోతు కప్‌బోర్డుతో, ఇంకాస్త కిందికి దించి ఒప్పుకోవచ్చు.

గట్టు కింద. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ మనకి దొరికే మామూలు మైక్రోవేవ్‌లలో చాలావాటి మాన్యువల్ నేల నుంచి 85 సెంటీమీటర్ల పైన పెట్టమంటుంది. విదేశాల్లో గట్టు కింద పెట్టేవి డ్రాయర్‌లా లాగే ప్రత్యేక మోడళ్లు, వాటిని పైనుంచి చూస్తూ గిన్నె పెడతారు. పక్కకి తలుపు తెరిచే పెట్టెని కింద పెడితే ప్రతిసారీ వంగాలి. మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

డైనింగ్‌లో క్రాకరీ యూనిట్ మీద. దీని మీద మాత్రం చాలాసేపు చర్చ జరిగింది. బల్లకి దగ్గర, వంటగదిలో చోటు మిగులుతుంది, ఎత్తు మనకి నచ్చినట్టు పెట్టుకోవచ్చు. ఫ్రిజ్ కూడా డైనింగ్‌లోనే ఉండే చిన్న ఫ్లాట్లలో అంతకు మించిన చోటు లేదు. కానీ ఈ ఇంట్లో ఫ్రిజ్ లోపలే ఉంటుంది. గిన్నె లోపలినుంచి బయటికి, గరిటె కోసం మళ్లీ లోపలికి, మూత కోసం ఇంకోసారి. పైగా పొంగిన పాలు, కారిన పులుసు తుడవడానికి తడి గుడ్డ వంటగదిలోనే ఉంటుంది కదా. అందుకే వదిలేశాం.

యుటిలిటీలో పెట్టాలన్న ఆలోచన వచ్చినంత వేగంగా పోయింది. వాషింగ్ మెషిన్ తేమ, వానజల్లు, బొద్దింకలు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్లలో స్టవ్ మీద చిమ్నీ స్థానంలోనే 30 అంగుళాల వెడల్పు మైక్రోవేవ్ బిగించి ఉంటుంది. ఈ ఇంటి పెద్దబ్బాయి అక్కడి నుంచి ఫోటో పంపి అలా చేద్దామన్నాడు. అందులో ఉండే ఫ్యాను, అడుగు జాలీ మన తాలింపు పొగని మోయలేవు. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ గాలి బయటికి పోదు, వడపోసి గదిలోకే వదులుతుంది. మండుతున్న ముందు బర్నర్ల మీదుగా చేయి చాచి వేడి గిన్నె దించడం ఇంకో ప్రమాదం. అక్కడినుంచి మిషన్ తెస్తానన్న మాటకి కూడా జవాబు చెప్పాల్సి వచ్చింది: అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. వోల్టేజి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన 50 హెర్ట్జ్ మారదు, లోపలి బరువైన ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది.

వాస్తు మాట కూడా వచ్చింది. మైక్రోవేవ్ కూడా అగ్నే కాబట్టి ఆగ్నేయంలోనే ఉండాలన్నారు పెద్దాయన. ఆగ్నేయం మూల అంటే ఇక్కడ స్టవ్ ఉన్న చోటే, రెండూ అక్కడ ఇరికిస్తే స్టవ్ సింకు వైపు జరగాలి. స్టవ్ కదలదు, వండేవాళ్ల తూర్పు ముఖం మారదు అని ప్లాన్ మీద చూపించాక ఆయన ఒప్పుకున్నారు. ఇలాంటి చర్చలో వాదన కన్నా, ఏది మారుతుందో ఏది మారదో గీసి చూపించడం పనిచేస్తుంది.

ఎంచుకున్న చోటు: పడమటి గోడ, ఫ్రిజ్ పక్కన టాల్ యూనిట్

పడమటి గోడ పొడవు 126 అంగుళాలు. గుమ్మం వైపు నుంచి ముందు ఫ్రిజ్, తర్వాత టాల్ యూనిట్ (నేల నుంచి నిలువుగా లేచే పొడవాటి కప్‌బోర్డు), మిగిలినంత మేరా కొత్త గట్టు. పడమటి గోడకి ఎదురుగా నిలబడితే ఎడమ చేతి వైపు ఫ్రిజ్, మధ్యలో మైక్రోవేవ్, కుడి చేతి వైపు గట్టు.

ఈ వరస కావాలని పెట్టిందే. మన దగ్గర అమ్మే మైక్రోవేవ్‌లలో ఎక్కువవాటి తలుపు కీలు ఎడమ వైపు, చేయి పట్టేది కుడి వైపు. తలుపు ఎడమకి తెరుచుకుంటుంది, గిన్నె కుడివైపు నుంచి బయటికొస్తుంది. కాబట్టి దించుకునే గట్టు కుడి చేతి వైపే ఉండాలి. అదే అమెరికన్ మార్గదర్శకం పైనో కిందో లేదా హ్యాండిల్ వైపునో కనీసం 15 అంగుళాల ఖాళీ ఉండాలంటుంది. వరస తిరగేసి గట్టుని ఎడమకి పెడితే, తెరిచిన తలుపుని చుట్టి వేడి గిన్నెని తిప్పుకురావాలి. కొనేటప్పుడు ఎవరూ చూడని సంగతి, రోజూ ఇబ్బంది పెట్టే సంగతి.

ఫ్రిజ్ తలుపు కుడికి తెరుచుకుంటుంది, అంటే టాల్ యూనిట్ ముందుకి. రెండు తలుపులూ ఒకేసారి తెరవడం కుదరదు. ఇది లోపంగా కనిపించింది గానీ వాడకంలో ఫ్రిజ్ మూశాకే మైక్రోవేవ్ తెరుస్తారు, పైగా ఫ్రిజ్ ముఖం టాల్ యూనిట్ కన్నా 4 అంగుళాలు ముందుకి ఉంది కాబట్టి తలుపు దేనికీ తగలకుండా పూర్తిగా తిరుగుతుంది. లోపలి కూరగాయల డబ్బా బయటికి రావాలంటే ఫ్రిజ్ తలుపు 90 డిగ్రీలు దాటాలి, అది చూసుకోవాలి. ఫ్రిజ్ వెడల్పు 60 సెంటీమీటర్లు, దానికి 30 అంగుళాల చోటు ఇచ్చాం. పక్కల్లో మూడేసి అంగుళాల ఖాళీ. ఇప్పటి ఫ్రిజ్‌లు వేడిని పక్క గోడల గుండా వదులుతాయి, ప్లైవుడ్‌ని దానికి ఆనిస్తే రెండింటికీ నష్టమే.

ఎత్తు ఎలా కట్టామంటే

నిలబడ్డ మనిషి భుజం నేల నుంచి ఉండే ఎత్తు, ఆ మనిషి ఎత్తులో సుమారు 82 శాతం. అత్తగారి ఎత్తు 147 సెంటీమీటర్లు, భుజం 120 దగ్గర. మైక్రోవేవ్ అడుగు భుజానికి 3 అంగుళాలు కిందుగా ఉండాలన్నది మంచి లెక్క, అంటే 112. కానీ గాజు పళ్లెం పెట్టె అడుగు కన్నా 4, 5 సెంటీమీటర్ల పైన ఉంటుంది, గిన్నెని దాని అంచు దాటించి ఎత్తాలి. అందుకని ఇంకో 5 తగ్గించి 107 సెంటీమీటర్లు, అంటే 42 అంగుళాలు పెట్టాం. కొడుక్కి ఇది కొంచెం కిందుగా అనిపిస్తుంది, కాస్త వంగితే సరిపోతుంది. పొట్టివాళ్లకి ఎక్కువ ఎత్తు ప్రమాదం, పొడుగువాళ్లకి తక్కువ ఎత్తు ఇబ్బంది మాత్రమే. ఎప్పుడూ పొట్టివాళ్ల కొలతే తీసుకోవాలి.

పాప విషయం వేరు. ఎనిమిదేళ్ల పిల్లల ముఖం సరిగ్గా ఈ ఎత్తులో ఉంటుంది, తలుపు తీయగానే ఆవిరి ముఖాన కొడుతుంది. ఎత్తు మార్చి దీన్ని పరిష్కరించలేం. చైల్డ్ లాక్ వాడమని, తలుపుకి ఎదురుగా కాక పక్కగా నిలబడి తెరవడం పాపకి నేర్పమని చెప్పాం.

ఈ లెక్కల్ని కాగితం మీద నమ్మకండి. పాత ర్యాకు మీద ఇటుకలు, ప్లై ముక్క పేర్చి 42 అంగుళాల దగ్గర మైక్రోవేవ్ వచ్చిన అట్టపెట్టెనే పెట్టి, ముందు కోసి తలుపులా చేశాం. లీటరు నీళ్లు పోసిన గిన్నెని అందులోంచి తీసి పక్కకి దించమని ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగాం. అత్తగారికి మోచేతులు భుజాల కన్నా పైకి లేవకుండా వచ్చింది. 46 దగ్గర పెట్టినప్పుడు లేచాయి.

24 అంగుళాల టాల్ యూనిట్ ఎందుకు సరిపోలేదు

మాడ్యులర్ కిచెన్లలో టాల్ యూనిట్ వెడల్పు అలవాటుగా 24 అంగుళాలు. కార్పెంటర్ కూడా అదే గీశాడు. చూద్దాం: 610 మిల్లీమీటర్లు. రెండు పక్క పలకలు 18 చొప్పున, రెండు ముఖాలకీ లామినేట్ ఒక్కో మిల్లీమీటరు, మొత్తం 40 పోయి లోపల 570 మిగులుతుంది. మైక్రోవేవ్ 510. పక్కకి 30 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ మోడల్ మాన్యువల్ అడిగేది పక్కల 10, వెనక 10, పైన 20 సెంటీమీటర్లు. పెట్టె దూరుతుంది, కానీ ఊపిరాడదు. మైక్రో మోడ్‌లో రెండు నిమిషాలకి ఏమీ కాదు, అందుకే ఈ తప్పు బయటపడదు. కన్వెక్షన్‌లో నలభై నిమిషాలు నడిపిన రోజున పక్క పలకల ఎడ్జ్ బ్యాండ్ జిగురు కరిగి అంచు లేస్తుంది, లామినేట్ ఉబ్బుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. బిల్ట్-ఇన్ మోడల్ కొనడం: అది 60 సెంటీమీటర్ల యూనిట్‌లో దూరేలా, గాలి ముందు వైపు నుంచి తిరిగేలా చేసింది, ధర ఎక్కువ. సుమారు 45 సెంటీమీటర్ల వెడల్పుండే 20 లీటర్ల సోలోకి మారడం: అప్పుడు కూడా పక్కకి 6 సెంటీమీటర్లే, కానీ కన్వెక్షన్ వేడి ఉండదు. లేదా యూనిట్‌నే వెడల్పు చేయడం. మేం 30 అంగుళాలకి పెంచాం. 762లోంచి 40 పోతే 722, పక్కకి 106 మిల్లీమీటర్లు. గట్టు 66 అంగుళాలకి తగ్గింది. ఆ ఆరు అంగుళాల గట్టు పోవడం ఇంటావిడకి నచ్చలేదు, కింద సొరుగులు కూడా 30 అంగుళాల వెడల్పున వస్తాయని చూపించాక సరే అన్నారు.

మిగతా కొలతలు ఇవి. మైక్రోవేవ్ గూడు అడుగు 42 అంగుళాలు, పైకప్పు 63 అంగుళాలు, అంటే లోపలి ఎత్తు 533 మిల్లీమీటర్లు, 310 పెట్టె పోగా పైన 22 సెంటీమీటర్లు. ముందు షట్టర్ లేదు. పైకి మడిచే షట్టర్ పెడదామన్నారు గానీ నడుస్తున్నప్పుడు మూసేస్తారన్న భయంతో వద్దన్నాం. గూటి వెనక ప్లై పలక తీసేసి గోడ టైల్‌నే వెనక గోడగా ఉంచాం, అందుకే యూనిట్ 610 మిల్లీమీటర్ల లోతు పూర్తిగా దొరికింది. పెట్టె ముఖాన్ని యూనిట్ అంచుతో సమంగా నిలిపితే వెనక 12 సెంటీమీటర్లు. లోపలికి నెట్టేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు, అందుకని వెనక్కి పోకుండా అడుగున చిన్న చెక్క ఆపు కొట్టాం. పెట్టె మొత్తం యూనిట్ లోపల మూసేసి వాడొద్దని కొన్ని మోడళ్ల మాన్యువల్ ఖండితంగా చెబుతుంది. అలాంటప్పుడు గూడు కాకుండా మూడు వైపులా తెరిచిన అరనే పెట్టాలి.

ప్లైవుడ్ ఐఎస్ 710 రకం (నీటికి తట్టుకునే మెరైన్ ప్లై), 18 మిల్లీమీటర్లు. అడుగు పలక కింద ముందు వైపు 3 అంగుళాల పట్టీ, 18 కిలోల బరువుకి 72 సెంటీమీటర్ల పలక మధ్యలో కుంగకుండా. యూనిట్ పైభాగాన్ని రెండు ఎల్ క్లాంపులతో గోడకి బిగించాం. బరువు నడుము ఎత్తు కన్నా పైన ఉంది కాబట్టి సొరుగులన్నీ ఒకేసారి లాగితే యూనిట్ ముందుకి వంగే వీలుంది. తేలికైన ఏఏసీ బ్లాకుల గోడైతే మామూలు నైలాన్ ప్లగ్గులు ఊడొస్తాయి, పొడవాటి ఫ్రేమ్ ఫిక్సింగులో కెమికల్ యాంకర్లో కావాలి.

మైక్రోవేవ్ కింద లాగే పలక పెట్టమని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. పక్కనే గట్టు ఉన్నప్పుడు అది దండగ, మరుగుతున్న గిన్నెని కదిలే పలక మీద పెట్టడం నాకు నచ్చదు కూడా. పక్కన గట్టు లేనప్పుడు మాత్రం, పూర్తిగా బయటికొచ్చే, 45 కిలోలు మోసే చానెల్స్‌తో పెట్టుకోండి.

కరెంటు: టైల్స్ కన్నా ముందు

డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగాం. 16 ఆంపియర్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. దూరం ఎక్కువ, రేపు ఆ చోట పెద్ద ఓవెన్ వస్తుందేమోనని 4 వేశాం. బోర్డులో 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్). పాత రకం మైక్రోవేవ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆన్ చేసిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, బీ రకం పెడితే ఊరికే పడిపోవచ్చు. తీగ 4 వేశాం కదా అని ఎంసీబీని 25కి పెంచకండి, సాకెట్ 16దే. ముందు వరసలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉంది, లేకపోతే పెట్టించేవాళ్లం. ఎర్త్ తీగ చివరి దాకా వచ్చిందో లేదో టెస్టర్‌తో కాదు, మీటరుతో చూడాలి: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వోల్టేజి దాదాపు సమానంగా ఉండాలి.

ఎలక్ట్రీషియన్ అలవాటుగా పాయింటుని గట్టు పైన 12 అంగుళాల దగ్గర గుర్తు పెట్టాడు. అది సరిగ్గా మైక్రోవేవ్ వీపు వెనక పడుతుంది. ప్లగ్గు మందం రెండున్నర అంగుళాలు, వెనక ఖాళీని అదే మింగేస్తుంది. ప్లగ్గు పీకాలంటే 18 కిలోల పెట్టె దించాలి. గోడ మీద యూనిట్ మొత్తాన్ని సుద్దతో అసలు కొలతలో గీయడం వల్ల ఇది గాడి కొట్టకముందే దొరికింది. సాకెట్‌ని పై కప్‌బోర్డు లోపల 66 అంగుళాల ఎత్తున పెట్టాం. దాని స్విచ్ మాత్రం కుడివైపు గట్టు పైన, చేతికందేలా. తీగ దూరడానికి గుండ్రటి రంధ్రం బదులు పలక వెనక అంచున 80 మిల్లీమీటర్ల గాటు తీశాం. 60 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి కొన్ని 16 ఆంపియర్ల ప్లగ్గులు దూరవు, అప్పుడు ఎవరో ఒకరు ప్లగ్గు కోసేసి చిన్నది బిగిస్తారు. మైక్రోవేవ్ తీగలు పొట్టివి, చాలావాటికి మీటరు చుట్టూనే. వెనక అడుగు నుంచి సాకెట్ దాకా కొలిచి చూసుకున్నాకే ఎత్తు ఖాయం చేశాం.

ఇన్వర్టర్ లైనుకి ఈ పాయింటు కలపకూడదని రాతపూర్వకంగా చెప్పాం. వంటగది లైట్లకి ఇన్వర్టర్ ఇస్తూ పక్క సాకెట్‌కి కూడా లూపు కొట్టేయడం మామూలే, కరెంటు పోయినప్పుడు మైక్రోవేవ్ నొక్కగానే ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని అరుస్తుంది.

ఇక గోడ సంగతి. ఇక్కడ ఇటుక గోడ కాబట్టి గాడి కొట్టి 25 మిల్లీమీటర్ల పైపు దించాం. కొత్త టవర్లలో చాలావాటికి మైవాన్ పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడలుంటాయి, బరువు మోసేవి అవే. వాటికి గాడి కొడితే లోపలి ఇనుము తెగుతుంది, సొసైటీ కూడా ఒప్పుకోదు. అలాంటి ఇంట్లో బిల్డర్ ఇచ్చిన 16 ఆంపియర్ల పాయింటు ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి యూనిట్ల వెనకగా పైపు నడిపించి, దాని ప్రకారం టాల్ యూనిట్ చోటు తేల్చుకోవాలి. అక్కడ మైక్రోవేవ్ చోటుని సగం బిల్డరే నిర్ణయించేసి ఉంటాడు.

కుడివైపు గట్టు ఖాళీగా ఉండాలంటే

టాల్ యూనిట్ పక్కనున్న మొదటి 18 అంగుళాల గట్టే గిన్నె దించుకునే చోటు. దాన్ని ఖాళీగా ఉంచమని చెబితే ఎవరూ ఉంచరు, మిక్సీ వచ్చి కూర్చుంటుంది. సాకెట్ ఎక్కడుంటే సామాను అక్కడికి చేరుతుంది. అందుకని ఆ 18 అంగుళాల మేర గోడకి మైక్రోవేవ్ స్విచ్ తప్ప ఒక్క సాకెట్ కూడా పెట్టలేదు. మిక్సీ, రైస్ కుక్కర్ పాయింట్లన్నీ యుటిలిటీ తలుపు వైపు చివరకి జరిపాం. వాటి తీగలు ఇటు దాకా రావు.

బొద్దింకలు, చివరి పరీక్షలు

వెచ్చగా, చీకటిగా ఉండే కంట్రోల్ ప్యానెల్ లోపల బొద్దింకలు కాపురం పెట్టడం హైదరాబాద్‌లో కొత్త కాదు. డిస్‌ప్లే వెనక పిల్ల బొద్దింకలు నడుస్తుంటే చూసినవాళ్లు చాలామందే ఉంటారు. వెనక పలక లేని గూటికి ఈ భయం ఎక్కువ. పక్క పలకలు టైల్‌కి ఆనే గీత పొడవునా సిలికాన్ పూశాం, తీగ గాటుకి ఇరువైపులా ఫోమ్ పట్టీ పెట్టాం. పెట్టె కాళ్ల కింద నుంచి గుడ్డ దూరుతుంది కాబట్టి వారానికోసారి తుడవొచ్చు.

బిగించిన రోజు స్పిరిట్ లెవెల్‌తో అడుగు చూశాం. వాలు ఉంటే గాజు పళ్లెం టకటకమంటూ తిరుగుతుంది. గ్లాసు నీళ్లు పెట్టి మైక్రో మోడ్‌లో రెండు నిమిషాలు నడిపాం. ఖాళీగా ఆ మోడ్‌లో నడపకూడదు. తర్వాత కన్వెక్షన్ 200 డిగ్రీల మీద అరగంట. చేతితో చూస్తే పక్క పలకలు గోరువెచ్చగా ఉన్నాయి, పై పలక కొంచెం ఎక్కువ, ప్లగ్గు వేడి లేదు. ప్లగ్గు ముట్టుకోలేనంత వేడెక్కితే సాకెట్ లోపలి క్లిప్పులు వదులని అర్థం, వెంటనే మార్చాలి. అదే సమయంలో మిక్సీ, కెటిల్, చిమ్నీ అన్నీ వేసి చూశాం, ఎంసీబీ పడలేదు.

పై కప్‌బోర్డు షట్టర్ లోపల ఒక చీటీ అంటించాం. రేపు మైక్రోవేవ్ మార్చేటప్పుడు షాపుకి తీసుకెళ్లడానికి: వెడల్పు 52, ఎత్తు 33, హ్యాండిల్‌తో లోతు 50 సెంటీమీటర్లు దాటకూడదు, తలుపు ఎడమకి తెరుచుకునేదై ఉండాలి, పక్కల 10 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ ఖాళీ అడిగే మోడల్ కొనకూడదు.